మా అత్త ప్రార్థనలో విలన్

ఆయన పేరు చెప్పను. చెబితే మీరు ఆయన సినిమాల గురించి మొదలుపెడతారు, నేను చెప్పదలుచుకున్నది పక్కకు పోతుంది. తెలుగు సినిమాలు చూసేవాళ్లకు ఆయన ముఖం తెలియకుండా ఉండదు. మొన్నమొన్నటి దాకా తెర మీద ఊళ్లు తగలబెట్టింది, భూములు లాక్కున్నది, హీరో చెల్లెలి పెళ్లి చెడగొట్టింది ఎక్కువగా ఆయనే. ఆయన నవ్వితే చాలు, మార్కాపురం హాల్లో ముందు వరసల్లోంచి తిట్లు లేచేవి. మా అత్త మాత్రం తిట్టేది కాదు. ఆయన కోసం ప్రార్థన చేసేది.

మా అత్త వయసులో ఉన్నప్పుడు పలకల ఫ్యాక్టరీలో పలకలకు చెక్క చట్రాలు బిగించేది. చేతులు పని మానేసిన తర్వాత మధ్యాహ్నం పూట టీవీ ముందు కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని, ఆకుకూర గిల్లుతూ సినిమాలు చూసేది. అది నటన అత్తమ్మా, ఆయనకు డబ్బులిచ్చి చేయిస్తారు అని నేను ఎన్నోసార్లు చెప్పాను. నేను బళ్లో పంతులమ్మను, చెప్పిందే చెప్పడం నాకు అలవాటే. ఆమె వినేది. విని, నటనే కావచ్చు, దినామూ అట్ల కొట్టుడు నరుకుడు చేస్తా ఉంటే మనిషి లోపల చెడిపోడా అని అడిగేది. నేను లేచి పిల్లల నోటు పుస్తకాలు దిద్దుకునేదాన్ని.

శుక్రవారం మా సంఘంలో ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన జరుగుతుంది. వరసగా ఒక్కొక్కరూ తమ మనవి చెప్పుకోవాలి. కూతురికి సంబంధం కుదరాలని ఒకామె, కొమరోలు దగ్గర చేలో బోరు పడాలని ఒకామె, అల్లుడి కోపం తగ్గాలని ఒకామె చెప్పేవాళ్లు. మా అత్త వంతు వస్తే ఎప్పుడూ రెండే మనవులు. ఒకటి మా మరిది, అంటే ఆమె చిన్న కొడుకు. రెండోది ఆ సినిమా రౌడీ. ఆడవాళ్లంతా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. పాస్టరమ్మగారు మాత్రం ముఖం కదలకుండా, ఆ సినిమా సహోదరుణ్ణి కూడా జ్ఞాపకం చేసుకోండి ప్రభువా అని కలిపి ప్రార్థించేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంటికి వచ్చేదారి పొడుగునా గొణిగేదాన్ని.

మా మరిది సంగతి చెబితే నవ్వుతారు, కానీ మా ఇంట్లో అది నవ్వే సంగతి కాదు. అతను మార్కాపురం నుంచి దోర్నాల దారిలో ఆటో తిప్పుతాడు. చెడ్డ అలవాట్లు లేవు, ఎవరి జోలికీ పోడు. చర్చి మానేశాడంతే. మానేసింది దేవుడి మీద కోపంతో కాదు, మాంసం ముక్కల మీద కోపంతో. ఒక క్రిస్మస్ ప్రేమ విందులో అతను బకెట్ పట్టుకుని కూర వడ్డిస్తున్నాడు. మా సంఘ పెద్ద పంక్తి మధ్యలో నిలబడి, ముక్కలన్నీ అడుక్కు తోసి జతగాళ్లకు దాచిపెడుతున్నావంటరా అన్నాడు. అందరూ విన్నారు. మా మరిది బకెట్ అక్కడే దించి, చేయి కడుక్కుని వెళ్లిపోయాడు. కూరలో ముక్కలు అడుగునే ఉంటాయి, అది వండేవాళ్లందరికీ తెలుసు. కానీ పెద్ద అన్న మాట వెనక్కి తీసుకోలేదు, చిన్నబుచ్చుకుని పోయినవాడు వెనక్కి రాలేదు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం తల్లిని ఆటోలో చర్చి గేటు దాకా తెచ్చి దించేవాడు. ఆరాధన అయ్యేవరకు బయటే ఆటోలో కూర్చుని, మళ్లీ ఇంటికి తీసుకుపోయేవాడు. గేటు మాత్రం దాటడు. లోపల ఆడవాళ్లు ఎడమ వైపు, మగవాళ్లు కుడి వైపు కూర్చుంటాం. మా అత్త ఆ రెంటి మధ్య నడవ అంచునే చాప వేసుకునేది. కొడుకు వస్తే నడవకు అవతల పక్కనే కూర్చోవచ్చని ఆమె లెక్క. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకునేటప్పుడు కొడుకు పక్కన ఉండాలి, తాను కన్ను మూసేలోగా అది జరగాలి. ఆమెకున్న కోరిక అదొక్కటే.

మరి ఆ కోరికకు, సినిమా రౌడీకి ఏం సంబంధమని ఒకరోజు గట్టిగానే అడిగాను. నా తెలివితక్కువకు జాలిపడ్డట్టు చూసింది.

"వాడు మారితే వీడు మారడా అమ్మాయ్? అంత రౌడీని మార్చగలిగిన దేవునికి నా కొడుకు ఒక లెక్కా?"

ఒక కష్టమైన పని జరిగితే చిన్న పని దానంతటదే జరుగుతుందని ఆమె నమ్మకం.

ఒక ఏడాది చలికాలంలో దోర్నాల అవతల నల్లమలలో సినిమా షూటింగ్ జరిగింది. నటులను మార్కాపురం లాడ్జిలో ఉంచారు. ఆదివారం పొద్దున ఒకాయన తలకు మఫ్లర్ చుట్టుకుని లాడ్జి బయటికి వచ్చి, అక్కడున్న ఆటో ఎక్కి, దగ్గరలో ఏదన్నా చిన్న చర్చి ఉంటే తీసుకుపో తమ్ముడూ అన్నాడట. ఆ ఆటో మా మరిదిదే. ఆ రోజు తల్లిని మా గేటు దగ్గర దించి, ఆరాధన అయ్యేలోపు ఒక కిరాయి దొరుకుతుందేమోనని అటు వచ్చాడు. గొంతు విన్నాక అద్దంలో చూశాడు, చూశాక బండి ఎట్లా నడిపాడో అతనికే తెలియదు. ఊళ్లో చిన్న చర్చిలు ఇంకా ఉన్నాయి. అయినా చేతులు అలవాటు కొద్దీ మా గేటుకే తిప్పాయి.

మేం పాట పాడుతున్నాం. ఆయన తలుపు దగ్గర చెప్పులు విడిచి, ఆ చెప్పుల పక్కనే చాప కొసన కూర్చున్నాడు. మఫ్లర్ తీశాడు. ముందు పాట మగవాళ్ల వైపు ఆగింది, తర్వాత ఆడవాళ్ల వైపు ఆగింది, చివరికి తబలా ఒక్కటే మిగిలింది. మా సంఘ పెద్ద పరిగెత్తి వేదిక మీది కుర్చీ ఎత్తుకొచ్చాడు. ఆయన రెండు చేతులూ జోడించి వద్దన్నాడు. ఇక్కడ బాగుందన్నా, రాయి చల్లగా ఉంది అన్నాడు. మా నేలకు పరిచినవి పలకల గనుల్లో పనికిరాదని పారేసిన బండలు. చలికాలం పొద్దున అవి ఎంత బాగుంటాయో కూర్చున్నవాళ్లకు తెలుసు. ఆయన మర్యాదకే అన్నాడని నాకు అర్థమైంది, ఆ అబద్ధం నాకు నచ్చింది.

పాస్టరుగారు తేరుకుని, సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరన్నా ఉన్నారా అని అడిగారు. మా సంఘంలో సాక్ష్యం అంటే చేసిన పాపం ఎంత పెద్దదైతే అంత గొప్ప. ఒకాయన కుర్రతనంలో కోడిని దొంగిలించిన సాక్ష్యం ఏటా చెబుతాడు. ఏడాదికేడాది ఆ కోడి పెరిగి పెరిగి ఇప్పుడు మేకయింది. అట్లాంటి సభలో మా అత్త కర్ర పట్టుకుని లేచింది. నేను కొంగు పట్టి లాగాను, వినలేదు. నడవ వెంబడి తలుపు దాకా నడిచి ఆయన ముందు నిలబడింది. నీ కోసం ఏండ్ల తరబడి ప్రార్థన చేసినా నాయనా, ఇయ్యాల దేవుడు నిన్ను తెచ్చినాడు, ఆ పిల్లను బావిలో తోసింది, ఆ ముసిలాయన పొలం రాయించుకున్నది అన్నీ ఒప్పుకుని సాక్ష్యం చెప్పు అన్నది. ఆమె కళ్లలో నీళ్లు. నేను ముసుగు కిందికి లాక్కుని, భూమి చీలితే బాగుండనుకున్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. అందరికీ వందనాలు చెప్పి, చాలా మెల్లగా మాట్లాడాడు. తెర మీది గొంతులో సగం కూడా లేదు. తాను విశ్వాసుల ఇంట్లోనే పుట్టానన్నాడు. తల్లి చంకన వేసుకుని చర్చికి తీసుకుపోయేదన్నాడు. చిన్నప్పుడే బాప్తిస్మం తీసుకున్నానని, చెప్పుకోదగ్గ చెడ్డ పనులేవీ చేయలేదని, షూటింగులో బావిలో తోసిన పిల్లకు ఈత బాగా వచ్చని చెప్పాడు. కొందరు నవ్వారు. మా అత్త నవ్వలేదు. ఆమె ముఖం వాడిపోవడం నేను చూశాను. మారాల్సిన రౌడీయే లేకపోతే, రౌడీ మారితే కొడుకు మారతాడన్న ఆమె ఆశ ఏం కావాలి?

"అయితే నేను ఇన్నేండ్లు చేసిన ప్రార్థన యాడికి పోయినట్టు నాయనా?" అని అడిగింది.

ఈమెకు ఏదో ఒక తియ్యటి అబద్ధం చెప్పి కూర్చోబెట్టవయ్యా అని నేను మనసులో వేడుకున్నాను. ఆయన అబద్ధం చెప్పలేదు.

"నాకు పేరొచ్చిన తర్వాత ఏ మందిరానికి పోయినా ముందు కుర్చీ వేశారమ్మా. దండలు వేశారు, ఫొటోలు తీసుకున్నారు, మా కోసం ప్రార్థన చెయ్యండని నన్నే అడిగారు. వీడూ పాపే, వీడి కోసం కూడా ఎవరన్నా మోకాళ్లూనాలి అని ఒక్కరికీ తోచలేదు. మా అమ్మ పోయిన తర్వాత అట్లా అనుకున్నది మీరొక్కరే. మీరు సరిగ్గానే అనుకున్నారు. దయచేసి ఆపొద్దు."

మా అత్త ఆయన తల మీద చెయ్యి పెట్టింది. ఆయన ఎత్తైన మనిషి, ఆమెకు అందేదాకా వంగాడు. ఆపనులే నాయనా అని చెప్పి, వచ్చి తన చాప మీద కూర్చున్నది. ఆ తర్వాత పాస్టరుగారు చెప్పిన ప్రసంగం ఒక్క ముక్క నాకు గుర్తులేదు.

ఆ ఆదివారం ఒకింటివాళ్లు కొత్త బోరులో నీళ్లు పడ్డాయని కృతజ్ఞత కూటం పెట్టుకుని సంఘమంతటికీ పొట్టేలు కోశారు. మా సంఘ పెద్ద ఆయన కోసం బల్ల వేయించాడు, బకెట్ తానే పట్టుకున్నాడు. ఆయనేమో పళ్లెం చేతిలోకి తీసుకుని, నన్ను తెచ్చిన తమ్ముడు ఎక్కడ, అతను తిన్నాడా అని అడిగాడు. బయట ఆటోలో ఉన్నాడన్నారు. లోపలికి రమ్మనకపోయారా అంటే మా పెద్ద బకెట్లో గరిటె తిప్పాడు. ఆయన ఇంకో పళ్లెం అడిగి తీసుకుని గేటు బయటికి నడిచాడు. ఆటోలో వెనక సీటులో కూర్చుని, ముందు సీటులో ఉన్న మా మరిది చేతిలో ఒక పళ్లెం పెట్టాడు. అతిథికి వడ్డించకుండా ఎట్లా? మా పెద్ద బకెట్ పట్టుకుని వెనకాలే పోయాడు. మేమంతా గేటు దాకా పోయాం. వేరే మతాలవాళ్లు, దారినపోయేవాళ్లు, టీ దుకాణం ఆయనతో సహా అక్కడ అప్పటికే జాతరలా మూగారు.

మా సంఘ పెద్ద, గరిటె నిండా ముక్కలు తీసి వెనక సీటు వైపు చాచాడు. ఆయన పళ్లెం పక్కకు జరిపి, ముందు తమ్ముడికి పెట్టండి, నన్ను తెచ్చింది అతనే కదా అన్నాడు. పాపం, ఆయనకు ఏమీ తెలియదు. మాకందరికీ తెలుసు. గరిటె గాల్లో ఆగిపోయింది. మా మరిది ముందు అద్దంలోంచి రోడ్డు వైపే చూస్తున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. పెద్దాయన ఒకసారి మా వైపు చూశాడు. నేను కూడా ఆ పెద్ద వైపు చూశాను, ఎట్లా చూశానో మీరు ఊహించుకోండి. చివరికి గరిటె ముందు సీటు పళ్లెంలోకి వంగింది. మళ్లీ బకెట్ అడుగుకు పోయి, మళ్లీ వచ్చింది.

"అడుగు నుంచే తీస్తున్నాను రా. ముక్కలు ఆడే ఉంటాయి," అన్నాడు పెద్దాయన.

మా మరిది, చాలు మామా అన్నాడు. ఆ పెద్దమనిషి నోటి నుంచి అంతకంటే మంచి క్షమాపణ రాదని అందరికీ తెలుసు. పాస్టరమ్మగారు కళ్లు తుడుచుకున్నది. కూర వడ్డిస్తే ఇంతమంది ఎందుకు ఏడుస్తున్నారో అర్థంకాక ఆయన తినడం ఆపి చూస్తున్నాడు. లాడ్జికి పోయే దారిలో మా మరిది సంగతంతా చెబితే, ఆటో ఊగేటట్టు నవ్వాడట.

అంతటితో మా మరిది లోపలికి వచ్చాడనుకుంటున్నారేమో. రాలేదు. పెద్దతో మాట కలిసింది, కానీ మరుసటి ఆదివారం మళ్లీ గేటు బయటే. ఇన్నేళ్లు బయట కూర్చున్నవాడు ఏ ముఖం పెట్టుకుని లోపలికి వస్తాడు? కోపం పోయింది, సిగ్గు మిగిలింది. నాకైతే ఒళ్లు మండింది.

ఆయన మాత్రం మమ్మల్ని మరిచిపోలేదు. మా అత్తకు ఫోనులో సరిగా వినబడదు కాబట్టి మా మరిది నంబరు తీసుకుపోయాడు. ఎక్కడున్నా వారం చివరలో ఫోను చేసి ఏదో ఒక మనవి చెప్పేవాడు. మోకాలు నొప్పి, అమ్మకు చెప్పు తమ్ముడూ. కొత్త సినిమాలో గుర్రమెక్కాలట, భయంగా ఉంది, అమ్మకు చెప్పు. తెర మీద పదిమందిని నరికేవాడు గుర్రానికి భయపడతాడని మా సంఘానికి తప్ప ఎవరికీ తెలియదు. మా మరిది ఆ మనవిని గేటు దగ్గర తల్లికి అప్పజెప్పేవాడు. నాలుగు వారాలు విన్నాక ఆమె ఒక ఎత్తు వేసింది. నాకు మతిమరుపు వచ్చింది నాయనా, లోపలికి పోయేసరికి గుర్తుండదు, నువ్వే వచ్చి చెప్పు అన్నది. వదినకు చెబుతాలే అన్నాడు. మీ వదినకు నోరెక్కువ, మతి తక్కువ అన్నది. నేను పక్కనే ఉన్నాను. నేను కాపురానికి వచ్చిన రోజు చారులో ఉప్పెక్కువైన సంగతి ఇప్పటికీ చెప్పే మనిషికి మతిమరుపట!

అట్లా మా మరిది ముందు గడప అవతల చెప్పులతోనే నిలబడి, అన్నకు గుర్రమంట, ప్రార్థన చెయ్యండి అని చెప్పి మాయమయ్యేవాడు. ఒకసారి వాన పడి, చెప్పులు విప్పి లోపలికి రావాల్సి వచ్చింది. ఒకసారి పాస్టరుగారు కావాలనే మనవులు ఆలస్యంగా అడిగారు. అట్లా అట్లా నడవకు కుడి వైపు, తల్లికి ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టాడు. కానీ ప్రభువు బల్ల సమయానికి లేచి పోయేవాడు. నాకు ఇంకా అర్హత లేదు వదినా అనేవాడు. మా అత్త తొందరపెట్టలేదు. తన రొట్టె తాను తిని, నడవ అవతల ఖాళీ చాప వైపు చూసుకునేది.

ఆ తర్వాత ఒక ఆదివారం మా మరిది చెప్పిన మనవి చిన్నది కాదు. సినిమా అన్న ఆస్పత్రిలో ఉన్నాడు, డాక్టర్లు ఏమీ చెప్పడం లేదు అన్నాడు. చెప్పి కూర్చోలేదు. అక్కడే మోకాళ్లూని, తానే ప్రార్థన మొదలుపెట్టాడు. అలవాటు తప్పిన మనిషి, మాటలు రాలేదు. అన్నను బాగుచెయ్యి దేవా, అన్న మంచోడు అని మళ్లీ మళ్లీ అదే అన్నాడు. సంఘమంతా ఆమెన్ అంటూనే ఉన్నాం.

ఆయన బతకలేదు. టీవీలో రోజంతా ఆయన మనుషుల్ని నరికే బొమ్మలే వేశారు. మా అత్త ఆ పెట్టె కట్టెయ్యమన్నది. మా ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగలేదు. సొంత మనిషి పోతే ఎట్లా ఉంటుందో అట్లాగే ఉన్నాం.

తర్వాత వచ్చింది నెల మొదటి ఆదివారం. బల్ల మీద రొట్టె, ద్రాక్షరసం తెల్లగుడ్డ కప్పి ఉన్నాయి. పాస్టరుగారు ఆయన్ను తలుచుకుని మాట్లాడారు. మా పాస్టరుగారు మంచి మనిషే, ఆ మాటలూ మంచి మనసుతోనే అన్నారు. దేవుడు ఒక బిడ్డను పిలుచుకున్నాడు, ఆ బిడ్డ ద్వారా ఇంకో బిడ్డను మనకు తిరిగి ఇచ్చాడు, ఈ తల్లి ప్రార్థన ఫలించింది అన్నారు. అందరం తలలూపాం. మా అత్త ఊపలేదు. కూర్చున్న చోటి నుంచే తల ఎత్తింది.

"నేను ఇద్దర్నీ అడిగినానయ్యా," అన్నది.

పాస్టరుగారు బైబిలు పక్కన పెట్టి, వేదిక దిగి వచ్చి మా అత్త ముందు బండ మీద కూర్చున్నారు. అవునమ్మా, ఇద్దర్నీ అడిగినావు, నాకు జవాబు తెలీదు అన్నారు. నేను ముసుగులో ముఖం దాచుకుని ఏడ్చాను.

అప్పుడు మా మరిది నడవ దాటి ఇవతలికి వచ్చాడు. ఆడవాళ్ల వైపు అని చూడలేదు. తల్లి చాప మీదే ఆమెను ఆనుకుని కూర్చున్నాడు. సంఘ పెద్ద రొట్టె పళ్లెం తెచ్చి వంగాడు. మా మరిది లేచిపోలేదు. రెండు ముక్కలు తీసి ఒకటి తల్లి అరచేతిలో పెట్టాడు. ఆమె దాన్ని తినకుండా పట్టుకుని, కొడుకు వైపు తిరిగింది. నువ్వు తిను నాయనా, నేను చూడాల అన్నది. అతను తిన్నాడు. ఆ తర్వాత ఆమె కూడా ఏడుస్తూనే తన ముక్క తిన్నది.